అందం, రంగు, న్యాయం: ‘ఫెయిర్’ అనే ఇంగ్లీషు విశేషణం

కడప, మచిలీపట్నం, రాజమండ్రి వంటి చోట్ల ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉండి, ఒకవైపు కచేరీలో తగవులు విచారిస్తూ, మరొకవైపు మూలపడిన తాటాకు గ్రంథాలను సేకరించి పండితులచేత శుద్ధప్రతులు రాయించి, 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును వెలువరించిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ (1798–1884) స్మృతికి అంకితమైన ఈ ఉపన్యాసానికి ‘ఫెయిర్’ అనే చిన్న ఇంగ్లీషు విశేషణాన్ని విషయంగా ఎంచుకోవడానికి తగిన కారణం ఉంది. ఆయన జీవితంలోని ఆ రెండు పనులకూ ఈ మాటతో సంబంధం ఉంది: కొట్టివేతలు లేకుండా తిరగరాసిన శుద్ధప్రతిని ఇంగ్లీషులో ‘ఫెయిర్ కాపీ’ అంటారు, పక్షపాతం లేకుండా సాగే విచారణను ‘ఫెయిర్ ట్రయల్’ అంటారు. దస్తూరికీ తీర్పుకూ ఒకే విశేషణం ఎలా సరిపోయింది, అదే విశేషణం వానలేని ఆకాశానికీ, తెల్లని మేనిఛాయకూ, అంతంతమాత్రపు మార్కులకూ ఎలా అన్వయించింది అన్నది ఇక్కడ విచారించవలసిన విషయం. తెలుగువారికి ఇది పరాయి భాష ముచ్చటగా మిగిలిపోయేది కాదు; రేషన్ దుకాణం చట్టబద్ధమైన పేరులోనూ, వడ్ల కొనుగోలు నిబంధనల్లోనూ, చెరకు ధర ప్రకటనలోనూ, భూసేకరణ చట్టం పేరులోనూ, పెళ్లి ప్రకటనల్లోనూ ఈ మాట ఉంది, ఒక్కో చోట ఒక్కో అర్థంతో ఉంది.

ముందుగా ఒక తేడా గుర్తించాలి. ఒకే మాటకు పరస్పరం చుట్టరికం ఉన్న పలు అర్థాలు ఏర్పడడాన్ని భాషాశాస్త్రం బహ్వర్థకత అంటుంది. పుట్టుక వేరైనా పలుకుబడి ఒకటిగా మారిన మాటలను సమరూప పదాలు అంటుంది. పుస్తకాల సంతను ‘బుక్ ఫెయిర్’ అనేటప్పుడు వచ్చే నామవాచకం లాటిన్‌లో పండుగరోజును తెలిపే ‘ఫెరియా’ నుంచి పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు చేరింది కాబట్టి, దానికీ ఈ విశేషణానికీ సంబంధం లేదు. బస్సు చార్జీని తెలిపే మాట ఉచ్చారణలో దీనికి జంటే గాని, ప్రయాణం చేయడం అనే అర్థమున్న మరో పాత క్రియ నుంచి పుట్టింది. ఆ రెంటినీ పక్కన పెట్టాక మిగిలేవన్నీ ఒకే మాట శాఖలు.

ఆ మాట పాత ఇంగ్లీషులో ‘ఫ్యాగెర్’. అప్పటి ముఖ్యార్థం అందమైనది, చూడముచ్చటైనది. పాత నార్స్ భాషలో దీని జ్ఞాతిపదానికీ అదే అర్థం. అయితే ఈ కుటుంబానికే చెందిన గాథిక్ భాషలో, 4వ శతాబ్దపు బైబిలు అనువాదంలో కనిపించే ‘ఫగ్రస్’ అనే రూపానికి తగినది, పనికివచ్చేది అని అర్థం. దీన్నిబట్టి, తగి ఉండడం అనే భావం నుంచి అందం అనే భావం మొలకెత్తిందని ఊహించడం సమంజసం. తెలుగు తెలిసినవారికి ఈ మార్పు వింతగా తోచదు, ఎందుకంటే ‘చక్క’ అనే మాట సరిగ్గా ఇదే పని చేసింది. తెలంగాణలో దారి అడిగినవారికి ‘సక్కగా పో’ అంటే వంకర తిరగకుండా నేరుగా వెళ్లమని అర్థం. ఇల్లు చక్కబెట్టడం అంటే దేని చోట దాన్ని ఉంచడం. తప్పు చక్కదిద్దడం అంటే సరిచేయడం. చక్కని పిల్ల అంటే అందమైన పిల్ల. నిటారుతనం, తీరు, పొందిక, అందం అన్నీ ఒక్క ధాతువులో ఇమిడిపోయాయి. కాకపోతే తెలుగు మాట అక్కడితో ఆగింది. చక్కని ధర అనో చక్కని తీర్పు అనో అంటే మెచ్చుకోలు అవుతుందే తప్ప అందులో న్యాయనిర్ణయం పలకదు. ఇంగ్లీషు మాట మాత్రం అందం దగ్గర మొదలై న్యాయస్థానం దాకా నడిచింది.

ఇన్ని అర్థాల మధ్య తోవ కనుక్కోవడానికి పనికివచ్చే మంచి సాధనం విరుద్ధపదం. ఒక విశేషణం ఎక్కడ ఏ అర్థంలో ఉందో తేల్చుకోవాలంటే, అక్కడ దానికి ఎదురుగా ఏ మాట నిలుస్తుందో చూడాలి. ‘ఫెయిర్’కు అతి పురాతనమైన ప్రత్యర్థి ‘ఫౌల్’, అంటే కుళ్లినది, మురికిపట్టినది, చెడినది. ఈ జంట కలిసి ఎన్ని రంగాలకు వెళ్లిందో గమనిస్తే మాట లోపలి తీరు తెలుస్తుంది. పాతకాలపు గోడ బారోమీటరు, అంటే గాలి ఒత్తిడిని చూపే గుండ్రని పరికరం, దాని ముఖం మీద తుఫాను, వాన, మార్పు అన్న మాటల తర్వాత ముల్లు కుడివైపుకు జరిగేకొద్దీ ‘ఫెయిర్’ వస్తుంది. ఒత్తిడి పెరిగి ఆకాశం తేరుకుందని దాని భావం. తెరచాప ఓడల కాలంలో వెళ్లవలసిన దిక్కుకు వీచే గాలిని ‘ఫెయిర్’ అనీ, ఎదురుగాలిని ‘ఫౌల్’ అనీ అన్నారు. రేవులోకి ఓడ వచ్చిపోవడానికి అడ్డులేకుండా ఉంచే నీటిదారి ‘ఫెయిర్‌వే’. గోల్ఫ్ మైదానంలో గడ్డి కత్తిరించి ఉంచిన బాటకు కూడా ఆ పేరే ఉంది. ఎలిజబెత్ రాణి కాలపు నాటకకర్తల చిత్తుప్రతులను సాహిత్య పరిశోధకులు నేటికీ ‘ఫౌల్ పేపర్స్’ అనే పిలుస్తారు, తిరగరాసినదే శుద్ధప్రతి. బేస్‌బాల్‌లో గీతల లోపల పడిన బంతి ‘ఫెయిర్’, బయట పడినది ‘ఫౌల్’. నేరపరిశోధనలో మరణం సహజం కాదన్న అనుమానాన్ని ‘ఫౌల్ ప్లే’ అంటారు.

వీటన్నిటిలో సాధారణంగా కనిపించే గుణం మచ్చలేనితనం, అడ్డులేనితనం. మబ్బు లేని ఆకాశం, కొట్టివేత లేని కాగితం, రాయి తగలని నీటిదారి, మోసం లేని ఆట ఇవన్నీ దేనిచేతా చెడగొట్టబడని స్థితులే. ఈ సూత్రం ఎంత లోతుగా పాతుకుందో చూపే ప్రయోగం ఓడల నిర్మాణంలో ఉంది. పడవ వంపును గీసేటప్పుడు, పలుచని చెక్కబద్దను మేకుల మధ్య వంచి, ఎక్కడా ఎగుడుదిగుడు లేకుండా గీత సాఫీగా సాగేలా సవరించడాన్ని ఆ వృత్తివారు ‘ఫెయిర్’ చేయడం అంటారు. విశేషణమే అక్కడ క్రియగా మారింది. ఆ క్రియ నుంచే ‘ఫెయిరింగ్’ అనే మాట పుట్టి, గాలి ఒరుసుకోకుండా జారిపోయేందుకు విమానాలకూ మోటారు సైకిళ్లకూ తొడిగే నునుపైన కప్పుకు పేరయింది. శ్రీహరికోట నుంచి లేచే రాకెట్ తలమీద ఉపగ్రహాన్ని కాపాడుతూ ఉండి, దట్టమైన వాతావరణం దాటాక రెండుగా విడిపోయి రాలిపడే కవచానికి సాంకేతిక నామం ‘పేలోడ్ ఫెయిరింగ్’. పడవ చెక్క మీద చేయి తడిమి నునుపు చూసుకున్న వడ్రంగి మాట అంతరిక్షం అంచు దాకా వెళ్లింది.

మనుషులకు ఈ విశేషణం తగిలినప్పుడు చాలాకాలం అందమే దాని అర్థం. 1285 నుంచి 1314 దాకా ఫ్రాన్సును పాలించిన నాలుగవ ఫిలిప్ రాజును ఇంగ్లీషు చరిత్రకారులు ‘ఫిలిప్ ద ఫెయిర్’ అంటారు. ఆ బిరుదును చూసి ధర్మప్రభువు అనుకున్నా పొరపాటే, తెల్లనివాడు అనుకున్నా పొరపాటే. అది అందగాడు అనే అర్థమున్న ఫ్రెంచి బిరుదుకు అనువాదం. టెంప్లర్ యోధసంఘాన్ని పట్టి బంధించి, దాని నాయకులను చిత్రహింసల పాలు చేసిన రాజు న్యాయవంతుడిగా పేరు పొందే అవకాశం ఎటూ లేదు. స్త్రీలను కలిపి ‘ఫెయిర్ సెక్స్’ అనే పాత వాడుకలోనూ అందమే ఉంది. ఆ వాడుక పోవడమే మంచిదయింది.

రంగు అనే అర్థం ఈ శాఖకు మొలిచిన కొమ్మ. 16వ శతాబ్దం నాటికి ఇంగ్లీషులో లేత మేనిఛాయకూ, లేత రంగు జుట్టుకూ ఈ మాట స్థిరపడింది. కారణం మాటలో లేదు, ఆ సమాజపు అభిరుచిలో ఉంది: ఏ రంగు అందమని ఆ కాలపు ఇంగ్లండు భావించిందో, అందాన్ని చెప్పే మాట ఆ రంగుకు పేరయింది. ఎండలో పనిచేసే కూలివారి చర్మం కమలడం, నీడపట్టున ఉండే సంపన్న స్త్రీల చర్మం లేతగా మిగలడం కూడా ఆ అభిరుచికి దోహదం చేశాయి. ఇక్కడ విరుద్ధపదం ‘ఫౌల్’ కాదు, ‘డార్క్’. అంటే మాట పాత జంటను వదిలి కొత్త జంటను కట్టుకుంది. ఈ కట్టులోని అన్యాయాన్ని ఆ కాలంలోనే ఒక మహాకవి గుర్తించాడు. షేక్‌స్పియర్ సానెట్లలో 127వది మొదలుకొని నల్లని కన్నులూ నల్లని కురులూ గల స్త్రీని ఉద్దేశించినవిగా పండితులు గుర్తించే వరుస ఉంది. ఆ 127వ సానెట్ అందానికీ తెలుపుకూ ఒకే మాట ఉండడాన్నే పట్టుకుని, నలుపును అందంగా లెక్కించని అలవాటును ప్రశ్నిస్తుంది. ఆ పద్యంలోని వాదమంతా ‘ఫెయిర్’కు ఉన్న రెండు అర్థాల మధ్య సందులో నడుస్తుంది కాబట్టి, ఏ భాషలోకి అనువదించినా సగం జారిపోతుంది.

తెలుగు నేల మీద ఈ కొమ్మే అన్నిటికంటే ఎక్కువగా చిగురించడం విచారకరం. తెలుగు పత్రికల పెళ్లి ప్రకటనల్లో వయసు, ఎత్తు, చదువు, జీతం వరుసలో ‘ఫెయిర్’ అన్న మాట తెలుగు లిపిలోనే, అనువాదం అక్కర్లేనంత పరిచితంగా అచ్చవుతూ వచ్చింది. 1975లో భారతదేశంలో అమ్మకానికి వచ్చిన ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ అనే లేపనం ఈ మాటను చదువురాని ఇళ్లకు కూడా చేర్చింది. దేశవిదేశాల్లో విమర్శ పెరిగాక 2020లో ఆ మొదటి మాటను తీసివేసి ‘గ్లో అండ్ లవ్లీ’గా పేరు మార్చుకుంది. రంగు మీద మోజు ఇంగ్లీషుతోనే వచ్చిందని చెప్పడం సత్యం కాదు. ఎర్రగా ఉన్నాడనీ, పసిమి ఛాయ అనీ, చామనఛాయ అనీ తెలుగువారు తరాలుగా రంగులు ఎంచుతూనే ఉన్నారు. కానీ ఆ తెలుగు మాటల్లో రంగు రంగుగానే ఉంది. పసిమి ఛాయ అన్నంత మాత్రాన అందగత్తె అన్నట్టు కాదు, చామనఛాయ అన్నంత మాత్రాన కురూపి అన్నట్టు కాదు. నీలమేఘశ్యాముణ్ణి కొలిచే భాషలో, ద్రౌపదికి కృష్ణ అనే పేరున్న మహాభారతాన్ని తొలి కావ్యంగా చెప్పుకొనే సాహిత్యంలో, నలుపు నారాయణ మెచ్చు అనే సామెత ఉన్న పలుకుబడిలో, రంగుకూ అందానికీ మధ్య కాస్త దూరం మిగిలింది. ‘ఫెయిర్’ను అరువు తెచ్చుకోవడంతో ఆ దూరం చెరిగిపోయింది, ఎందుకంటే ఆ మాటలో రంగు పేరు చెప్పడమూ దాన్ని మెచ్చుకోవడమూ ఒకేసారి జరుగుతాయి. భాష అరువులో అన్నిటికంటే చెడ్డ అరువు ఇది, తీర్పును వర్ణనగా పొరబడేలా చేసే అరువు.

మరొక కొమ్మ ఇంతకంటే విచిత్రం. అందమైనది, మచ్చలేనిది అన్న మాట కాలక్రమంలో అంతంతమాత్రమైనది అనే అర్థానికి దిగింది. పరీక్షల్లో, ఉద్యోగుల పనితీరు నివేదికల్లో ‘ఎక్సలెంట్’, ‘గుడ్’ అన్న మెట్ల తర్వాత, ‘పూర్’కు ఒక మెట్టు పైన ‘ఫెయిర్’ ఉంటుంది. పాత నాణేల వర్తకంలో ఈ ముద్ర పడిందంటే బొమ్మ దాదాపు అరిగిపోయిందని అర్థం. పాత పుస్తకాల వర్తకులు ఇలా రాశారంటే పుస్తకం నలిగింది గాని పాఠం పూర్తిగా ఉందని అర్థం. అదే సమయంలో 19వ శతాబ్దపు అమెరికన్ పత్తి వ్యాపారంలో శ్రేణులన్నిటిలో పైమెట్టుకు ‘ఫెయిర్’ అని పేరు, దాని కింద ‘మిడ్లింగ్ ఫెయిర్’, ఇంకా కింద ‘గుడ్ మిడ్లింగ్’, ‘మిడ్లింగ్’ వచ్చేవి. ఒకే భాషలో, ఒకే కాలంలో ఒక వర్తకుడికి పరమోత్తమమైనది మరొకరికి కిందినుంచి రెండో మెట్టు అయింది. దిగజారుడుకు కారణం ఊహించడం కష్టం కాదు: మచ్చలేదు అనే మాటలోనే మెచ్చుకోవడానికి ప్రత్యేకంగా ఏమీ లేదనే ధ్వని కూడా దాగి ఉంటుంది. తెలుగులో ‘బాగుంది’ అంటే మెప్పు, ‘బాగానే ఉంది’ అంటే సరిపెట్టుకోవడం. ఒక్క ఏకారంతో తెలుగు చేసే పనిని ఇంగ్లీషు సందర్భానికి వదిలిపెట్టింది. అందువల్లనే పరిమాణాన్ని చెప్పేటప్పుడు ఇదే విశేషణం మళ్లీ పైకి లేస్తుంది; ‘ఫెయిర్ అమౌంట్’ అంటే కొంచెం కాదు, చెప్పుకోదగినంత అని అర్థం. ఎదటివారి మాటకు ‘ఫెయిర్ ఇనఫ్’ అని బదులిస్తే పూర్తిగా ఒప్పుకున్నట్టు కాదు, ఆ మాటలో సబబు ఉంది కాబట్టి వాదన ఇక అక్కర్లేదన్నట్టు.

ఇప్పుడు ప్రధానమైన కొమ్మకు రావాలి. పక్షపాతం లేనిది అన్న అర్థం 14వ శతాబ్దం నాటికే కనిపిస్తుంది; నడవడిలో మచ్చలేనిది అన్న అంతకుముందరి నైతికార్థం నుంచి అది వచ్చింది. షేక్‌స్పియర్ నాటకాల్లో ‘ఫెయిర్ ప్లే’ అన్న పలుకుబడి అప్పటికే ఉంది. న్యాయం అనే పెద్ద మాటకు ఇంగ్లీషులో ‘జస్టిస్’ ఉండగా ఈ చిన్న మాట ఎందుకు నిలిచిందన్నది ఆలోచించవలసిన ప్రశ్న. ‘జస్టిస్’ లాటిన్ నుంచి, రాజసభల నుంచి, మఠాల నుంచి వచ్చిన మాట. అది పైనుంచి కిందికి దిగే తీర్పును తలపిస్తుంది. ‘ఫెయిర్’ ఆటస్థలం నుంచి, సంత నుంచి, పంపకాల నుంచి ఎదిగిన మాట. సమానుల మధ్య, అందరూ ముందే ఒప్పుకున్న నియమాల కింద, ఎవరూ దొంగచాటు మేలు పొందకుండా వ్యవహారం సాగిందా అని అది అడుగుతుంది. ఓడినవాడికి జరిగినది ఇష్టం లేకపోవచ్చు గాని, ఆట ‘ఫెయిర్’గా జరిగిందని వాడు కూడా ఒప్పుకోగలగాలి. ఈ గుణం యూరప్ ఇతర భాషల్లో ఒక్క మాటలో ఇమడలేదు కాబోలు, జర్మన్ భాష ‘ఫెయిర్’ను ఉన్నదున్నట్టుగా తెచ్చుకుంది, ఫ్రెంచివారు ‘ఫెయిర్ ప్లే’ను అలాగే వాడుకుంటున్నారు. అన్నా వియెర్జ్‌బిట్స్కా అనే భాషాశాస్త్రవేత్త 2006లో ప్రచురించిన గ్రంథంలో ఈ భావన ఇంగ్లీషు సంస్కృతికే ప్రత్యేకమని వాదించింది.

ఆ భావన గీత ఎక్కడ పడుతుందో నిర్ణయించడం ఎంత కష్టమో క్రికెట్ చక్కగా చూపుతుంది. ఆ ఆట నియమావళిలో 41వది మొత్తం ‘అన్‌ఫెయిర్ ప్లే’కు కేటాయించినది, ఏది ‘ఫెయిర్’ అన్నదానికి అంపైర్లే ఏకైక నిర్ణేతలని అక్కడ చెప్పారు. బౌలర్ బంతి వేయకముందే అవతలి కొసన ఉన్న బ్యాటర్ గీత దాటితే వికెట్లు పడగొట్టి అవుట్ చేయడం నియమానికి విరుద్ధం కాదు. 1947 డిసెంబరులో సిడ్నీ టెస్టులో వినూ మన్కడ్ బిల్ బ్రౌన్‌ను అలా అవుట్ చేసినప్పటి నుంచి ఆ పనికి ఆయన పేరే పెట్టి, అది మర్యాద కాదన్నట్టు మాట్లాడడం అలవాటైంది. నియమావళిలో కూడా ఆ అంశం ‘అన్‌ఫెయిర్ ప్లే’ అన్న 41వ నియమం కిందే ఉండేది. 2022 అక్టోబరు 1 నుంచి దాన్ని అక్కడి నుంచి తీసి, రనౌట్ గురించిన 38వ నియమంలో చేర్చారు. నియమం సారం మారలేదు, ఉన్న చోటు మారింది. ఆ మార్పుతో ముందుగా పరుగెత్తి మేలు పొందబోయిన బ్యాటర్‌నే తప్పు పట్టడం సబబని ఒప్పుకున్నట్టయింది. డెబ్బయి అయిదేళ్ల అపవాదు ఒక భారతీయ బౌలర్ పేరు మీద నిలిచాక జరిగిన ఈ సవరణ ఆలస్యమైనదే గాని న్యాయమైనది.

లెక్కల రంగంలో ఈ మాట చేసిన పని అంతకంటే సూక్ష్మమైనది, తగినంత పేరు పొందనిది. కంపెనీల ఆర్థిక నివేదికలు ఒకప్పుడు ‘ట్రూ అండ్ కరెక్ట్’, అంటే నిజమైనవీ తప్పులేనివీ అయి ఉండాలని బ్రిటిష్ చట్టం కోరేది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత, 1940ల చివర జరిగిన సంస్కరణలో ‘కరెక్ట్’ను తీసి ‘ఫెయిర్’ను పెట్టారు, భారతదేశపు 1956 కంపెనీల చట్టం ఆ ‘ట్రూ అండ్ ఫెయిర్’ను స్వీకరించింది, 2013 చట్టంలోని 129వ సెక్షన్ దాన్ని కొనసాగించింది. ఒక్క మాట మార్పులో పెద్ద ఆలోచన ఉంది. ప్రతి అంకె తప్పులేకుండా ఉండి కూడా, కూర్చిన తీరు వల్ల, దాచిన వివరం వల్ల, చదివేవాడి మనసులో తప్పుడు చిత్రం ఏర్పడవచ్చు. కూడిక సరిపోతే చాలదు, చూసేవాడు మోసపోకూడదు అన్నదే ఆ మార్పు. అందం అన్న పాత అర్థం ఇక్కడ ఏమాత్రం లేదు గాని, మచ్చలేని ముఖం అన్న ఛాయ మాత్రం మిగిలే ఉంది.

న్యాయశాస్త్రంలో ఈ విశేషణానికి దక్కిన స్థానం భారతదేశంలో ఒక తీర్పుతో బలపడింది. రాజ్యాంగం 21వ అధికరణంలో చట్టం నిర్దేశించిన పద్ధతి ప్రకారం తప్ప ఎవరి ప్రాణాన్ని గాని స్వేచ్ఛను గాని హరించరాదని ఉంది. ‘ఫెయిర్’ అన్న మాట అందులో లేదు. పాస్‌పోర్టును కారణాలు చెప్పకుండా స్వాధీనం చేసుకున్న సందర్భంలో వచ్చిన మేనకా గాంధీ కేసులో 1978 జనవరి 25న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, ఆ పద్ధతి ఏదో ఒక పద్ధతి అయితే చాలదనీ, అది న్యాయంగా, ‘ఫెయిర్’గా, నిరంకుశం కాకుండా ఉండాలనీ చెప్పింది. రాయని మాటను చదివి చూపిన ఆ తీర్పు తర్వాత ఖైదీల హక్కులూ, ఉచిత న్యాయసహాయమూ, సత్వర విచారణా ఆ మాట చాటున నిలదొక్కుకున్నాయి. 1948 మానవహక్కుల విశ్వప్రకటన 10వ అధికరణంలో ‘ఫెయిర్’ విచారణ అన్న మాట స్పష్టంగానే ఉంది.

అయితే చట్టంలో ఈ మాట ఎదురైన ప్రతిచోటా ఒకే కొలబద్ద ఉండదు. 1948లో నియమితమైన ఫెయిర్ వేజెస్ కమిటీ కూలిని మూడు మెట్లుగా విభజించి, అడుగున కనీస వేతనాన్నీ, పైన మనిషి గౌరవంగా బతకడానికి చాలే జీవన వేతనాన్నీ ఉంచి, నడుమ ‘ఫెయిర్ వేజ్’ను పెట్టింది, దానికి కింది హద్దు కనీస వేతనం, పై హద్దు పరిశ్రమ చెల్లించగల శక్తి. అక్కడ ‘ఫెయిర్’ అంటే ఆదర్శం కాదు, ఇరుపక్షాల మధ్య కుదిరే మధ్యస్థానం. ఆంధ్రప్రదేశ్ 1960 నాటి అద్దెల నియంత్రణ చట్టంలో కంట్రోలర్ నిర్ణయించే ‘ఫెయిర్ రెంట్’ కూడా అలాంటిదే. 1894 నాటి భూసేకరణ చట్టం స్థానంలో వచ్చి 2014 జనవరి 1 నుంచి అమలైన చట్టం మాత్రం ‘ఫెయిర్ కాంపెన్సేషన్’ను పేరులోనే పెట్టుకుని, దానికి లెక్క కూడా చెప్పింది: గ్రామాల్లో మార్కెట్ విలువను ఒకటి నుంచి రెండు రెట్ల దాకా హెచ్చించి, ఆ మొత్తానికి సమానంగా సొలేషియం, అంటే ఇష్టం లేకున్నా నేల వదులుకున్నందుకు ఊరడింపు సొమ్ము, కలపాలి. కోర్టు ధిక్కార చట్టం (1971) తీర్పుల మీద ‘ఫెయిర్’ విమర్శను అనుమతిస్తుంది, కాపీరైట్ చట్టం (1957) పరిశోధనకూ సమీక్షకూ ‘ఫెయిర్ డీలింగ్’ను అనుమతిస్తుంది, ఆ రెండు చోట్లా ఎంత మేరకు అన్నది చెప్పకుండా న్యాయమూర్తి వివేకానికి వదిలిపెట్టారు.

తత్త్వశాస్త్రంలో ఈ మాటను పునాదిరాయిగా వేసినవాడు అమెరికన్ తాత్త్వికుడు జాన్ రాల్స్. 1958లో ‘జస్టిస్ యాజ్ ఫెయిర్‌నెస్’ అనే వ్యాసంతో మొదలుపెట్టి, 1971లో ‘ఎ థియరీ ఆఫ్ జస్టిస్’ గ్రంథంలో విస్తరించిన ఆయన వాదం ప్రకారం, తాము ధనికులో పేదలో, బలవంతులో బలహీనులో, ఏ మతంలో ఏ వంశంలో పుట్టబోతారో తెలియని స్థితిలో మనుషులు సమాజ నియమాలను ఎంచుకోవాలి. ఆ తెలియనితనాన్ని ఆయన అజ్ఞానపు తెర అన్నాడు. న్యాయం, ‘ఫెయిర్‌నెస్’ రెండూ ఒకటే అని ఆయన అనలేదన్నది చాలామంది గమనించరు. ఎవరికీ మొగ్గులేని స్థితిలో చేసుకున్న ఒప్పందం నుంచి పుట్టిన సూత్రాలే న్యాయమైనవని మాత్రమే అన్నాడు. అంటే ‘ఫెయిర్’ అన్నది ఫలితానికి కాక ఫలితం పుట్టిన పరిస్థితికి విశేషణం. ఓడ గీతను సాఫీ చేసినట్టు, పంపకానికి ముందే పరిస్థితిలోని వంకర తీయడం ఆయన ప్రతిపాదన.

తెలుగులోకి వస్తే ఒక మాటకు ఒక మాట పెట్టే పద్ధతి ఇక్కడ చేతులెత్తేస్తుంది. న్యాయం, ధర్మం అన్నవి బరువైన మాటలు. సబబు సరసమైనది, కానీ విషయానికి తప్ప మనిషికి అన్వయించదు. సబబైన ధర అంటారు గాని సబబైన న్యాయమూర్తి అనరు. విచిత్రమేమంటే ‘అన్‌ఫెయిర్’కు ఆటల్లో తెలుగు పిల్లల దగ్గర తిరుగులేని మాట ఉంది, అది ‘తొండి’. గీత తొక్కినా, వంతు దాటినా, ఓడి ఓడలేదన్నా తొండి. నియమం తెలిసి, ఒప్పుకుని, చాటుగా మీరడమే దాని నిండు అర్థం. తొండి లేని ఆటకు మాత్రం తెలుగులో విడిగా పేరు లేదు. అందుకే అనువాదకులు సందర్భాన్ని బట్టి నిష్పక్షపాతం, సమంజసం, సముచితం, న్యాయమైన అని మార్చి మార్చి వాడవలసి వస్తుంది, అలా వాడడమే సరైన పద్ధతి.

ఆ పద్ధతి తప్పినచోట నష్టం సామాన్యులది. జాతీయ ఆహారభద్రత చట్టం (2013) ‘ఫెయిర్ ప్రైస్ షాప్’ అంటుంది. తెలుగు ప్రభుత్వ వాడుకలో అది చౌకధరల దుకాణం. న్యాయమైన ధర అన్నది హక్కును గుర్తుచేసే మాట, చౌక అన్నది దయను గుర్తుచేసే మాట. కార్డుదారు వరుసలో నిలబడ్డది దయ కోసం కాదు. చెరకు రైతుకు 2009 నుంచి ప్రకటిస్తున్న ‘ఫెయిర్ అండ్ రెమ్యునరేటివ్ ప్రైస్’కు పత్రికలు గిట్టుబాటు ధర అని మాత్రమే రాయడంలో రెండో విశేషణం నిలిచి మొదటిది జారిపోయింది. వరి రైతుకు ఎదురయ్యేది ఇంకో చిక్కు. మద్దతు ధర దక్కాలంటే వడ్లు ‘ఫెయిర్ యావరేజ్ క్వాలిటీ’ ఉండాలి. కొనుగోలు కేంద్రంలో ఎఫ్.ఏ.క్యూ. అన్న మూడక్షరాలుగా వినిపించే ఆ నిబంధన ప్రకారం తేమ 17 శాతం మించరాదు, తాలూ మట్టీ రంగుమారిన గింజలూ నిర్ణీత హద్దులు దాటరాదు. ఇందులోని ‘ఫెయిర్’ నాణేల వర్తకుడి ‘ఫెయిర్’కు దగ్గరిది, మధ్యరకం అని దాని అర్థం. అంటే రైతు నుంచి ఆశించేది మేలిరకం ధాన్యం కాదు, మామూలుగా బాగున్న ధాన్యం. కల్లంలో రెండుసార్లు ఆరబోసి తూర్పారబట్టి తెచ్చిన వడ్లను నాణ్యత లేదని తిప్పిపంపినా, తరుగు పేరుతో బస్తాకు కొంత కోసినా, ఆ మూడక్షరాల అర్థం తెలియని రైతు దేన్ని ఆధారం చేసుకుని అడగగలడు?

కాబట్టి చేయవలసిన పని స్పష్టంగానే ఉంది. ఇంగ్లీషు–తెలుగు నిఘంటువులు ఇకపై ‘ఫెయిర్’ వంటి విశేషణాల పక్కన పర్యాయపదాల వరుసను పేర్చడం మాని, ఏ నామవాచకంతో కలిస్తే ఏ అర్థమో, ఎక్కడ దాని విరుద్ధపదం ఏదో విడివిడిగా చూపాలి. పెళ్లి ప్రకటనలు అచ్చువేసే పత్రికలు రంగును సూచించే ఆ మాటను స్వీకరించడం మానాలి. రెండు తెలుగు రాష్ట్రాల పౌరసరఫరాల శాఖలు ప్రతి కొనుగోలు కేంద్రంలో ఎఫ్.ఏ.క్యూ. అంటే మామూలు సగటు నాణ్యత అని, ప్రతి హద్దూ ఎంత శాతమో, తరుగు ఎప్పుడు ఎంత తీయవచ్చో తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి, తూకం వేసే చోటే కట్టాలి.